కుళాయి దాకా కట్టిన కంబి

"కంబి విప్పినావా?"

"విప్పితిని మామా."

"వెనకాలది కూడానా?"

"అంతా విప్పితిని. పో, బస్సు పోతాది."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని గడప దిగాడు. తేనిలో ఏలక్కాయల గోడౌనులో మూటలు మోసే పని ఆయనది. ఆ మధ్యాహ్నం ఒక మూట దించి, నీళ్లు అడిగి, ఆ మూట మీదే కూర్చుని పోయాడు. నీళ్లు తెచ్చేలోపలే అయిపోయిందని చెప్పారు.

బయలుదేరే మనిషిని 'పో' అనకూడదు, 'పోయి రా' అనాలి. చావుకు వచ్చిన ఆడవాళ్లంతా ఆ ఒక్క మాటనే పట్టుకుని ఏడ్చారు. నాకు దాని మీద బాధ లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి రోజూ పో అనే పంపాను, రోజూ వచ్చాడు. నన్ను కొరికేది దాని ముందు మాట. విప్పితిని అన్నాను. విప్పలేదు.

ఇది రాస్తున్నది నా ఆడబిడ్డ కూతురు. హోసూరు పక్కకు కాపురానికి పోయి, అక్కడ తెలుగు బడికి పోయే తన పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. నాకు అరవంలో సంతకం పెట్టడం వచ్చు, అంతే. తెలుగు నోట్లో ఉంది గానీ కాగితం మీద అది ఎట్లా ఉంటుందో తెలియదు. నేను మా మాటలో చెబుతాను, ఆమె పుస్తకం మాటలో రాస్తుంది. మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం మార్చకు అని చెప్పాను. మీ అమ్మ సంగతి వచ్చినప్పుడు చెయ్యి ఆపకూడదని ముందే ఒట్టు కూడా వేయించుకున్నాను.

మాది చిన్నమనూరు. నా పని ద్రాక్షతోటల్లో. మనిషి ఎత్తున రాతి కూసాలు నాటి వాటి మీద ఇనుప తీగను గళ్లుగళ్లుగా లాగుతారు. దాన్నే మేము కంబి అంటాము. ద్రాక్షతీగను ఆ కంబికి వదులుగా కట్టడం, ఆకు గిల్లడం, గుత్తిలో కాయ పలచన చేయడం నా చేతి పని. మెడ పైకెత్తి చేసే పని, సాయంత్రానికి తల కిందికి దిగదు. ఇప్పటికీ అదే చేస్తున్నాను.

మాకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు దీపం వైపు తల తిప్పేది. నాలుగో ఏడు నిండేలోపు తిప్పడం మానేసింది. మదురై ఆసుపత్రిలో కంటి వెనక నరం ఎండిపోయిందన్నారు. అద్దాలకు రాదు, ఆపరేషనుకు రాదు, ఉన్నది ఉన్నట్టే పెంచుకోండి అన్నారు. ఆయన తిరుగు బస్సులో బిడ్డను ఒళ్లో పెట్టుకుని దారంతా ఊర్ల పేర్లు చెబుతూ వచ్చాడు. ఉసిలంపట్టి వచ్చినాది, ఆండిపట్టి కనుమ వచ్చినాది, చూడు బస్సు ఎట్లా మలుగుతుండాదో అని. నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ వచ్చాను.

ఒకరోజు తోట నుంచి వచ్చేసరికి బిడ్డ ఇంట్లో లేదు. వీధి చివర సాగునీళ్ల కాలువ గట్టు మీద దొరికింది. కాళ్లు నీళ్లలో వేసి కూర్చుని పాట పాడుకుంటోంది. ఇంకో జానెడు జరిగితే పాట ఉండదు, బిడ్డ ఉండదు. మర్నాడు మేస్త్రిని అడిగి తెగిపోయిన కంబి ముక్కలు తెచ్చాను. మా గడప నుంచి వీధి కుళాయి దాకా ఒకటి కట్టాను. వెనక వాకిలి నుంచి కక్కసు దాకా ఒకటి కట్టాను. చేతికి గుచ్చుకోకుండా పాత చీర పేలికలు చుట్టాను. బిడ్డ నడుము ఎత్తున కట్టి, ఏడాదికి ఒకసారి నాలుగు వేళ్లు పైకి జరిపేదాన్ని. కూసం నాటడం, కంబి బిగించడం నాకు వచ్చిన విద్య. వేరే విద్య తెలిసి ఉంటే వేరేది చేసి ఉందునేమో.

"ఏమ్మే, వీధంతా నీ దిరాక్షి తోటేనా? ఎప్పుడు కాపుకు వస్తాది?" అని పక్కింటి అవ్వ ఎకసెక్కం చేసేది.

"వచ్చినాక మొదటి గుత్తి నీకేలే అవ్వా. పండ్లు లేకపోయినా చప్పరిస్తువు గానీ."

ఒకరి మేక దానికి చుట్టుకుని అరిచి గోల చేసింది. ఒక పెళ్లి ఊరేగింపు వచ్చినప్పుడు పెళ్లికొడుకు వంగి దాని కింది నుంచి దూరి పోయాడు. అందరూ నవ్వారు, ఎవరూ విప్పమనలేదు. బిడ్డ దాన్ని పట్టుకుని పరుగెత్తేది. ఒక చేతిలో చెంబు, ఒక చెయ్యి కంబి మీద. చూసిన వాళ్లు మెచ్చుకునేవారు. నాకు మెడ కొంచెం పైకి లేచేది.

బిడ్డకు తొమ్మిదో ఏట, తేని బస్టాండులో ఫోను కవర్లు అమ్మే ఒక చూపులేని మనిషి మా ఆయనకు బడి సంగతి చెప్పాడు. తిరుమంగళం దగ్గర, అక్కడే ఉండి చదువుకునే బడి, అందరూ చూపులేని ఆడపిల్లలే అని. నేను పంపను అన్నాను. రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. మూడో రోజు ఆయనే వండి, బిడ్డకు పెట్టి, పెట్టె సర్ది, "నువ్వు వస్తావా, మేమిద్దరం పోయేదా?" అన్నాడు. వెళ్లాను.

ఆ బడిలో నడక నేర్పే టీచరమ్మకు కూడా చూపు లేదు. కోయంబత్తూరు పక్క మనిషి, ఇంట్లో మన మాటే. నా గొంతు వినగానే అరవం వదిలేసి మన మాటలోకి వచ్చింది. బిడ్డను గది నడుమ నిలబెట్టి, తలుపు దాకా పో పాపా అంది. బిడ్డ చెయ్యి చాపింది. ముందుకు కాదు, పక్కకు, నడుము ఎత్తున. గాలిలో కంబి కోసం వెతుకుతోంది. టీచరమ్మ ఆ చేతిని తడిమి తెలుసుకుంది.

"ఇంటికాడ ఏమన్నా కట్టినారా అమ్మా?"

"అవును టీచరమ్మా. నేనే కట్టితిని. ఎవరి తోడూ లేకుండా కుళాయి దాకా పోయి వస్తాది" అన్నాను. నా గొంతులో గొప్ప ఉంది, ఎందుకు దాచాలి.

ఆమె బిడ్డను అడిగింది. "కుళాయికి ఈ పక్క ఏముండాది పాపా?"

"తెలీదు."

"ఆ పక్క?"

"తెలీదు."

"కంబి అయిపోయినాక?"

"కంబి అయిపోయినాక ఏమీ ఉండదు టీచర్" అంది నా కూతురు.

ఆ మాటకు టీచరమ్మ బిడ్డ చేతిని మెల్లగా కిందికి దించింది. మా ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. ఆ రోజు నుంచి ఆయనకూ నాకూ ఆ కంబి మీదే తగువు.

బడిలో తల్లిదండ్రులు పిల్లల్ని చూసే రోజు నెలకు ఒక ఆదివారం. మొదటి ఆదివారం దువ్వెన, కొబ్బరినూనె, పులిహోర పట్టుకుని పోయాను. కూర్చోబెట్టి జడ వేస్తుంటే పక్క మంచం మీది పిల్ల పకపక నవ్వింది. "అక్కోవ్, మీయమ్మ పాలసీసా కూడా తెచ్చినాదా అడుగు!" అంది. పులిహోర కలిపి ముద్ద పెట్టబోతే టీచరమ్మ వచ్చి నా చేతిలో కంచం తీసి బిడ్డ ముందు పెట్టింది. "ఆరు గంటల కాడ పులిహోర, మూడు కాడ అప్పడం, తొమ్మిది కాడ ఊరగాయి" అంది. కంచాన్ని గడియారం మాదిరి నేర్పుతారట. నా కూతురు తొమ్మిది కాడికి వేలు పోనిచ్చి ఊరగాయి నాకి, "అమ్మా, ఉప్పెక్కువ" అంది. ఆ బిడ్డ నా వంటకు వంక పెట్టడం అదే మొదలు. ఇంటిలో ఉన్నంత కాలం ముద్ద పెడితే మింగేది, అంతే.

పోయినప్పుడల్లా ఒకటి కొత్తది. సూదిని నాలుక మీద పెట్టుకుని దారం ఎక్కించింది. పాలు పొంగే ముందు గిన్నె అడుగున వచ్చే చప్పుడు విని పొయ్యి ఆపింది. తన దుప్పటి మూలకు ఒక ముడి వేసుకుంది, నూరు దుప్పట్లలో తనది అదే. పదమూడో ఏట చేతికి తెల్లకర్ర ఇచ్చారు. టక్కు టక్కుమని అడుగు ముందర నేలను అడుగుతూ పోవడం. మొదటి వారం మోకాళ్లు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి. నేను టీచరమ్మతో గొడవకు దిగాను.

"మీ బిడ్డ పడినాది అమ్మా. ఆమే లేచినాది కూడా. లేచింది మీకు ఎవురూ చెప్పలేదా?" అంది ఆమె.

పదిహేనో ఏటికి తిరుమంగళంలో రోడ్డు దాటి, కొట్టుకు పోయి, సబ్బు కొని, చిల్లర తడిమి తీసుకుని వచ్చేది. ఇవన్నీ కళ్లారా చూశాను. చూసినా, సెలవులకు ఇంటికి వస్తోంది అనగానే తోటలోంచి కంబి తెచ్చి మళ్లీ కట్టేదాన్ని. ఆయన విప్పేవాడు. నేను కట్టేదాన్ని. బిడ్డ, "అమ్మా, ఇది వద్దు. కర్రకు ఇది తగలదు, కర్ర కింద పోతాది, కంబి పైన ఉంటాది" అని చెప్పేది. నేను వినలేదు. బిడ్డ నాకోసం ఆ పేలికల మీద చెయ్యి వేసి రెండడుగులు నడిచేది. నేను సంతోషపడతానని నడిచేది. అది నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

పన్నెండో తరగతికి వచ్చిన ఏడు, పరీక్షల ముందరి సెలవులకు ఈసారి ఒంటరిగా బస్సెక్కి వస్తుందని టీచరమ్మ ఫోను చేసింది. తిరుమంగళంలో ఎక్కి తేనిలో దిగాలి, అక్కడ కంబం బస్సు ఎక్కి చిన్నమనూరులో దిగాలి. అదే బిడ్డకు నడకలో ఆఖరి పాఠం. ఆయన నాకు వారం ముందు నుంచే చెప్పాడు, ఒంటరిగా వచ్చే బిడ్డ కంబికి రాకూడదు అని. వీధి వైపుది ఆయన ముందే విప్పించాడు. వెనకాలది నేను అట్లాగే ఉంచాను. అక్కడ మురుగుకాలువ ఉంది, మెట్టు విరిగి ఉంది, ఎవరికీ కనిపించదులే అనుకున్నాను. ఆ పొద్దున ఆయన అడిగాడు, నేను అబద్ధం చెప్పాను. మిగతాది మొదట్లోనే చెప్పాను.

మర్నాడు బిడ్డ ఒంటరిగా రావలసిన దారిలో, ఆ రాత్రే కారులో మా మరిది పోయి తీసుకువచ్చాడు. తండ్రి కాళ్లు తడిమి, ముఖం తడిమి, చొక్కా వాసన చూసింది. ఏలక్కాయ వాసన. తరువాత నా పక్కన వచ్చి కూర్చుంది.

మా వాళ్లలో మొగుడు పోయిన ఆడది మూడు నెలలు గడప దాటకూడదు. మూల కూర్చోవాలి. శుభానికి బయలుదేరే వాళ్లకు ఎదురు రాకూడదు. ఇల్లంతా చుట్టాలు. పొయ్యి వెనక వాకిట్లోకి మారింది, గిన్నెలు తాళ్ల మంచం కిందికి పోయాయి. బిడ్డను ఎవరో ఒకరు రెక్క పట్టుకుని తిప్పుతున్నారు. ఆమె ఊరుకుంది, చావు ఇల్లు గనుక. నాకు మాత్రం ఒకటే ధ్యానం. వెనక కంబి ఉంది, వెనక కంబి ఉంది. ఎవరికైనా చెప్పి విప్పించవచ్చు. చెబితే ఎందుకు అంటారు. వచ్చిన వాళ్లు తడి చీరలు దాని మీద ఆరేసుకుంటున్నారని వింటూ మూలనే కూర్చున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే బిడ్డ లేచి, ఎవరినీ పిలవకుండా, నా స్నానానికి పొయ్యి మీది వేన్నీళ్ల గిన్నె ఎత్తుకుని వెనక వాకిట్లో కక్కసు పక్కకు అడ్డంగా నడిచింది. చంకన కర్ర కూడా ఉంది. బడిలో పిల్ల మాదిరి చురుగ్గా పోయి ఉంటుంది. చీరలు ఎవరో తీసేసి ఉన్నారు. కంబి కడుపుకు తగిలింది. గిన్నె ఎగిరి నీళ్లు పాదం మీద పడ్డాయి, మురుగు మెట్టు గడ్డానికి తగిలింది. నేను మూల నుంచి లేచి పరుగెత్తి చూసేసరికి బిడ్డ నేల మీద కూర్చుని, పైన కంబిని ఒక చేత్తో పట్టుకుని ఉంది. పేలికలు చుట్టిన చోట. ముఖం నావైపు తిప్పి, మెల్లగా, నాకొక్కదానికి వినబడేట్టు అంది.

"నాయన విప్పేసినారు అన్నాడే. తను పోయిన రోజు పొద్దున బస్సులో నుంచి ఫోను చేసి చెప్పినాడు. మీయమ్మ అంతా విప్పేసినాది, భయం లేకుండా నడువు అని."

నా అబద్ధం ఆయన నోటిలోంచి బిడ్డ చెవికి పోయింది. ఆయన ఆఖరిసారి బిడ్డతో మాట్లాడిన మాట అదే.

ఇంతలో ఇంటి నిండా ఉన్న జనం అక్కడికి చేరారు. నా ఆడబిడ్డ గుండెలు బాదుకుంది. ఆగకు పాపా, రాయి.

"సొంత ఇంట్లో నిలబడి నడవలేనిది బస్సెక్కి బడికి పోతాదంట! పోనిచ్చింది చాలు. తల్లి ముండమోసింది, కూతురు గుడ్డిది. ఒక మూలలో ఇద్దరూ కూర్చుంటే ఒకరికి ఒకరు తోడు."

బిడ్డ నోరు తెరవలేదు. కంబి తగిలింది అని ఒక మాట అంటే చాలు, అనలేదు. నన్ను కాచుకుంది. నేనూ నోరు తెరవలేదు. ఆ పూట ఆమె పాదానికి మందు రాస్తూ కూడా తెరవలేదు. రాయి, అది కూడా రాయి. కంబి కూడా అట్లాగే ఉంది.

పదో రోజు టీచరమ్మ ఫోను చేసింది. బిడ్డ సోమవారం లోపల రావాలి. చూపులేని పిల్లలు పరీక్షలో నోటితో చెబుతారు, వేరే ఒకరు కూర్చుని రాస్తారు. ఆ రాసే ఆమెతో ముందే కూర్చుని అలవాటు చేసుకోవాలి. లేకపోతే ఈ ఏడు పరీక్ష లేనట్టే. మా ఇంట్లో పెద్దలు లెక్క చూశారు. పదహారో రోజు కర్మ దాకా మగవాళ్లు కదలకూడదు. నేను గడప దాటకూడదు. తోడు పోయే మనిషి లేదు.

"దేవుడే చెప్తుండాడు, పోవద్దని" అంది నా ఆడబిడ్డ.

"నేను ఒక్కదాన్నే పోతాను అత్తా" అంది నా కూతురు.

"ఎట్లా పోతావు? కక్కసు దాకా పోలేక పడితివే!"

అప్పుడు లేచాను. అంతమంది ముందర ఏం చెప్పానో వరస గుర్తు లేదు. బిడ్డ చూపు లేక పడలేదు, నా కంబి తగిలి పడింది అన్నాను. విప్పమని ఆయన అడిగాడు, విప్పితినని అబద్ధం చెప్పి పంపినాను అన్నాను. ఆ అబద్ధాన్ని నమ్మి బిడ్డ భయం లేకుండా నడిచింది, నమ్మినందుకు పడింది అన్నాను. నా ఆడబిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమ్ముడి ఆఖరి పొద్దు సంగతి కదా, ఆమెకూ కడుపు కాలి ఉంటుంది.

తోట పనికి పట్టుకుపోయే, కంబి కోసే కటింగ్ ప్లయర్ గూట్లో ఉంది. అది తీసుకుని వెనక వాకిట్లోకి పోయాను. విప్పలేదు, కోశాను. విప్పితే మళ్లీ కడతానని నా చేతుల మీద నాకు నమ్మకం లేదు. కూసం దగ్గర ఒకటి, కక్కసు దగ్గర ఒకటి, నడుమ మూడు చోట్ల. పేలికలు చుట్టిన ముక్కలు నేల మీద రాలాయి. బిడ్డ గడపలో నిలబడి ఆ చప్పుడు లెక్కపెట్టిందట.

"అయిదు" అంది. "ఇంకేమన్నా ఉండాదా అమ్మా?"

"లేదు. ఒట్టు."

"నీ ఒట్టు వద్దు. నేనే చూసుకుంటాను." కర్ర పట్టుకుని, ఇంకో చెయ్యి నడుము ఎత్తున ముందర అడ్డం పెట్టుకుని, కక్కసు దాకా పోయి, తిరిగి వచ్చింది. విరిగిన మెట్టు దగ్గర కర్రతో రెండుసార్లు కొట్టి, దాటింది. ఆ మెట్టు అంత సులువుగా దాటుతుందని నాకు అన్నేళ్లు తెలియదు.

ఆదివారం పొద్దున బయలుదేరింది. పాదానికి ఇంకా గుడ్డ చుట్టి ఉంది. భుజాన సంచి, చేతిలో కర్ర. నేను మూలలో గోడ వైపు తిరిగి కూర్చున్నాను, పరీక్షకు పోయే బిడ్డకు నా ముఖం ఎదురు కాకూడదు కదా. బిడ్డ గడప దగ్గర ఆగింది.

"అమ్మ యాడ?"

"ఆమె రాకూడదు పాపా, శకునం" అన్నారు ఎవరో.

"ఎవరికి శకునం?"

"నీకే. బయలుదేరేటప్పుడు చూడకూడదు."

నా కూతురు నవ్వింది. తండ్రి పోయినాక అదే మొదటి నవ్వు. "నేను యాడ చూస్తాను అత్తా? బుద్ధి తెలిసినాక ఒక్కరి మొగమన్నా చూసి బయలుదేరితినా? అమ్మా, లేచి రా. వచ్చి నాకు ఎదురుగా నిలబడు. ఈ ఊర్లో నువ్వు ఎదురు రాదగిన మనిషిని నేనొక్కదాన్నే."

పక్కింటి అవ్వ మొదట నవ్వింది. తరువాత ఇంకొకరు. నా ఆడబిడ్డ కూడా కళ్లు తుడుచుకుంటూ, "దీని నోరు వాళ్ల నాయన నోరే" అంది. నేను లేచి, గడప లోపల, బిడ్డకు ఎదురుగా నిలబడ్డాను. నా ముఖం తడిమింది. బొట్టు లేని నుదురు మీద వేలు ఒక గడియ ఆగింది.

"పోయి వస్తాను."

"పోయి రా" అన్నాను.

వీధిలో టక్కు టక్కుమని చప్పుడు. కుళాయి దాకా వచ్చింది. అక్కడ ఒకసారి ఆగింది. ఆ తరువాత కుళాయి దాటి పోయింది.

తేనిలో దిగి ఫోను చేస్తానంది. చేయవలసిన సమయం దాటి గంట గడిచింది. గోడకు వీపు ఆనించి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లేచి పోదామని కాళ్లు లాగుతున్నాయి. పక్కన నా ఆడబిడ్డ తమలపాకు ఈనెలు తీస్తూ కూర్చుంది. తీసిన ఆకులన్నీ ఒళ్లోనే ఉన్నాయి, ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. ఆఖరికి ఫోను మోగింది.

"అమ్మా, బోడి పక్క పోయి వచ్చినాను."

"బోడి ఏందే?"

"తేని బస్టాండులో ఒక మంచి మనిషి. పాపం పాపం అని నా చెయ్యి పట్టుకుని లాగి బస్సు ఎక్కించినాడు. నేను యాడికి పోవల్లో అడగనే లేదు. కండక్టరు బోడి అనేసరికి దిగి, ఎదురు బస్సు పట్టి మళ్లీ తేనికి వచ్చితిని. ఇప్పుడు తిరుమంగళం బస్సులో ఉండాను. కనుమ మలుగుతుండాది."

"భయపడినావా?"

"పడితిని. పడి దిగితిని. రేపటి నుంచి చెయ్యి పట్టుకోనివ్వను. నేనే వాళ్ల మోచెయ్యి పట్టుకుంటాను, టీచర్ చెప్పింది అదే, నేనే మర్చిపోతిని."

సాయంత్రం బడికి చేరింది. నా ఆడబిడ్డ అప్పుడు లేచి, ఒళ్లోని ఆకులు నాకు సగం ఇచ్చి, పొయ్యి వెలిగించింది.

పరీక్ష రాసింది. రాసింది అంటే, చెప్పింది. పాసయింది. ఇప్పుడు మదురైలో కాలేజీ, అక్కడి హాస్టలులో ఉంటుంది. రెండు నెలలకు ఒకసారి ఇంటికి వస్తుంది. ఏ బస్సుకు వచ్చేదీ చెప్పదు. కర్ర చప్పుడు కుళాయి దగ్గర వినబడ్డప్పుడే నాకు తెలిసేది. లేచి ఎదురు పోవాలని ఇప్పటికీ కాళ్లు లాగుతాయి. చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని కూర్చుంటాను. లోపలికి వచ్చి కుండ దగ్గరికి తనే పోయి నీళ్లు తాగుతుంది. ఆ కుండను నేను జానెడు కూడా జరపను. జరిపితే ముందు చెబుతాను. మా ఇద్దరికీ ఉన్న ఒప్పందం అదే.

కోసిన కంబి ముక్కలు తోటకు పట్టుకుపోయాను. పేలికలు విప్పేసి, కొత్తగా నాటిన మొక్కలకు ఊతంగా కట్టాను. అవి పందిరి ఎక్కాయి, కాపు కూడా వచ్చింది. మొదటి గుత్తి పక్కింటి అవ్వకు ఇచ్చాను. మాట ప్రకారం.

ఈసారి వచ్చినప్పుడు బిడ్డ నాకొకటి చెప్పింది. ఇది రాయించుకోవాలని ఉంది అంటే చెప్పిన మాట. "నోటితో చెప్పి రాయించేటప్పుడు, రాసినాది తిరిగి చదివించుకోవల్ల అమ్మా. నేను పరీక్షలో అట్లానే చేస్తాను. రాసేవాళ్లు మంచివాళ్లయినా సరే. మనం చెప్పిందే ఉండాదా లేదా మన చెవితో మనం వినల్ల."

అందుకని, పాపా, కలం కింద పెట్టు. నీళ్లు తాగు. మీ అమ్మ అన్న మాటలు మెత్తగా చేసి ఉంటే ఇప్పుడే సరిచెయ్యి. తరువాత మొదటి నుంచి చదువు, మెల్లగా. ఆయన 'వెనకాలది కూడానా' అన్న చోట ఆగు. అక్కడ నేను చెప్పిన జవాబు నువ్వు చదవవద్దు, నేనే చెబుతాను. ఈసారి అది నిజం. ఊఁ, చదువు.